చెవుల దాకా లేచిన దీపాలు

"సొంత తమ్ముడు ఆసుపత్రిలో కాళ్లిరిగి పడింటే, పడగొట్టినోని తరఫున మాట్లాడేదానికి వచ్చినావా మేడం? నువ్వేం మనిషివి?"

ఆళ్లగడ్డ సి.ఐ. ఓబులేసు నన్ను చూడగానే అన్న మొదటి మాట ఇది. టైము తొమ్మిదీ నలభై. కూర్చోమని కూడా అనలేదు. నేనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"పడగొట్టింది ఎవరో తెలుసుకునేదానికి వచ్చినా సార్. మీకు తెలిసిపోయిందంటాండారు. నాకింకా తెలీలేదు. తేడా అంతే."

నా పేరు అరుణకుమారి. నంద్యాలలో తొమ్మిదేళ్లుగా డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నాను. ఆడమనిషికి ఈ పనేమిటని అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పుకుంటూ కూర్చుని ఉంటే ఆ ఆఫీసు ఏనాడో మూతపడేది. నా తమ్ముడు శాంసన్ పైలట్. శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ వైపు వస్తుంటే, మెయిన్ రోడ్డు దిగి మూడు కిలోమీటర్ల లోపల, పత్తి చేలకు విమానంతో మందు కొట్టే ఒక కంపెనీ ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, ఒకే సీటున్న ఒక ముసలి విమానం, అంతే సరంజామా. గాలి లేవకముందే మందు కొట్టాలి. కాబట్టి ఇంకా చీకటి ఉండగానే విమానాన్ని షెడ్డు నుంచి రన్‌వే దాకా నేల మీద మెల్లగా నడిపించుకుపోవాలి.

ఈ శనివారం, అంటే 1999 జనవరి తొమ్మిదో తేదీ, ఉదయం ఐదూ నలభైకి, చెయ్యి చాస్తే వేళ్లు కనబడనంత మంచులో, ఆ విమానం రన్‌వే వైపు తిరగకుండా నేరుగా పోయి, మందు కలిపే నీళ్ల బావిలో ముక్కు దించింది.

శాంసన్‌కు రెండు కాళ్లూ విరిగాయి. నాలుగు పక్కటెముకలు పోయాయి. కంపెనీ మెకానిక్ బాలు ఆ మంచులోనే సైకిలు తొక్కుకుంటూ శిరివెళ్ల పోయి ఎస్.టి.డి. బూత్ నుంచి నాకు ఫోన్ చేశాడు. ఏడున్నరకు నంద్యాల ఆసుపత్రిలో, ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు, తమ్ముడు నా చెయ్యి పట్టుకుని నాలుగు మాటలు చెప్పాడు. అవి నోట్‌బుక్‌లో రాసుకుని నా పాత ఫియట్ ఎక్కాను. ఏడుపు వచ్చింది. వచ్చిన ఏడుపును నంద్యాలలోనే వదిలేసి వచ్చాను. దారిలో శిరివెళ్ల బూత్ దగ్గర ఆరు నిమిషాలు ఆగాను. అక్కడ దొరికిన చీటీ ఒకటి నా బ్యాగులో ఉంది. దాని పని తర్వాత.

"నీకు తెలీకపోతే నేను చెప్తా విను," అన్నాడు ఓబులేసు. "సుంకన్న. చెంచుగూడెమోడు. మంచు పడినప్పుడు విమానం ముందర రెండు టార్చిలైట్లు పట్టుకోని నడిచి దారి చూపించేది వాని పని. పోయిన వారం మీ తమ్ముడు కొట్టిన మందు గూడెం మీద పడి ఆరు బర్రెలు సచ్చినాయి. దాంట్లో రెండు వీనివి. ఆ కసితో తాగినాడు. బావి దిక్కు పిలిచినాడు. పారిపోతా పడి తలకాయ పగలగొట్టుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేటు ముందర నిలబెడతాండా. హత్యాయత్నం."

"ఆ మందు డ్రమ్ముల మీద పేర్లు గీకేసి ఉన్నాయని, ఆ సంగతి సోమవారం కలెక్టరుకు చెప్తానని మా తమ్ముడు మేనేజరుకు కాగితం రాసిచ్చినాడు. నిన్న సాయంత్రం కొత్త డ్రమ్ములు తెప్పించినామని మేనేజరు చెప్తేనే ఈ పొద్దు విమానమెక్కినాడు. ఇది మీ కేసులో యాడుంది సార్?"

"అది కంపెనీ గొడవ. నాకు సంబంధం లేదు."

"నాకుంది. పది నిమిషాలు సుంకన్నతో మాట్లాడాల."

ఓబులేసు నన్ను ఎగాదిగా చూశాడు. నాలుగు తగిలిస్తానేమోనన్న ఆశతో కావచ్చు, ఒప్పుకున్నాడు.

సుంకన్నకు ముప్పై ఐదేళ్లుంటాయి. తల వెనక తువ్వాలు గడ్డకట్టిన రక్తంతో అతుక్కుపోయింది. గోడకు తల ఆనకుండా ముందుకు వంగి కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కెప్టెను సారు బతికినాడా అమ్మా?"

ఇంతవరకూ ఈ స్టేషన్లో ఆ మాట అడిగినవాడు ఇతనొక్కడే.

"బతికినాడు. నువ్వు కూర్చో. ఏం జరిగిందో సూటిగా చెప్పు. సారోళ్లకు చెప్పినట్టు కాదు, జరిగినట్టు."

"అబద్ధం చెప్పేదానికేముందమ్మా. షెడ్డు కాడ్నుంచి దారికి ఎడమ పక్క బేతంచెర్ల బండలు నిలబెట్టి పాతింటారు. మొత్తం ఎనిమిది. ఒక్కో బండ మీద ఒక్కో లాంతరు. విమానం ఎడమ రెక్క ఆ బండల పక్కనే రావాల. ఎనిమిదో బండ కాడ కుడికి తిప్పితే రన్‌వే. తిప్పకుంటే నేరుగా నీళ్ల ట్రాక్టరు బాట, ఆ బాట పోయేది బావి కాడికి. ఆరో బండ దాకా నేను ముందర నడుస్తాండా. ఎనకనుంచి ఏదో వచ్చి తలకాయ మీద పడె. కండ్లు తెరిచేతలికి ఈ సారోళ్లు మొగాన నీళ్లు కొడతాండారు."

"తాగినావా?"

"ఆదివారం తాగుతా. పని పొద్దు ముట్టను. ఎదురుగా అంత పెద్ద ఫ్యాను తిరుగుతా వస్తాంటే ఎవడన్నా తాగి నడుస్తాడా? తూలితే ఇంటికి ముక్కలు కూడా పోవు."

లేచి నిలబడమన్నాను. చొక్కా ముందు భాగం వాసన చూశాను. చెమట, కిరసనాయిలు, అంతే. వెనక్కి తిరగమన్నాను. వీపు మీద బట్టంతా బ్రాందీ కంపు. ఇంకా తడి ఆరలేదు.

"సార్," అన్నాను ఓబులేసును పిలిచి, "ఆళ్లగడ్డలో బ్రాందీ వీపుతో తాగుతారా?"

"ఏందీ?"

"తాగినోడు పోసుకుంటే ఎద మీద పోసుకుంటాడు. ఇది బోర్లా పడినోని మీద ఎవరో పై నుంచి పోసింది. మీ కానిస్టేబుళ్లంతా వాసన చూసినారు కదా. ఏ పక్క వస్తాందో ఒక్కరూ చూడలేదా?"

సి.ఐ. మొహం ఎర్రబడింది. నాకేమీ జాలి కలగలేదు. బల్ల మీదున్న రెండు రూళ్లకర్రలు తీసి సుంకన్న చేతికిచ్చాను.

"ఇవి టార్చిలైట్లనుకో. నేను విమానం. ఎట్ల పిలుస్తావో చూపించు."

సుంకన్న కొంచెం సిగ్గుపడ్డాడు. తర్వాత పనిలో మునిగినవాడిలా అయిపోయాడు. నడుం వంచి, ఎడమ చేతి కర్రను కాలి బొటనవేలు పక్కన నేలకేసి కదలకుండా పట్టుకున్నాడు. కుడి చేతి కర్రను మోకాలి దగ్గర తన వైపు ఊపుతూ వెనక్కి అడుగులు వేశాడు.

"ఎడమది బండలు లేని పక్క దారి అంచు చూపిస్తాది. కుడిది రా రా అంటాది. ఇది నాకు లారీ మీద అలవాటమ్మా. బేతంచెర్లలో నాపరాళ్ల లారీకి ఆరేండ్లు క్లీనరు పని చేసినా. గనిలో లారీ ఎనక్కి వచ్చేటప్పుడు ఇట్లనే పిలుస్తాము."

"అంత కింద ఎందుకు?"

"ఆ విమానం ముక్కు పైకి లేసి ఉంటాది కదా, సారుకు ఎదురుగా ఏమీ కనపడదు. తలకాయ పక్కకు పెట్టి నేల చూసుకుంటా వస్తాడు. మంచు గూడా కింద పల్చన. దీపం పైకెత్తి ఊపితే పొగలో కలిసిపోతాది."

"ఆపాలంటే?"

"రెండూ ఆర్పేస్తా. లారీకైతే హోల్డాన్ అని అరుస్తాము. ఈ మోతలో అరిస్తే ఎవరికి ఇనపడ్తాది? దీపం లేకుంటే ఆగాల, దీపం కనపడితే రావాల. సారుకూ నాకూ అదే ఒప్పందం. మూడేండ్లలో ఒక్క పొద్దు తప్పలేదు."

నోట్‌బుక్ తీశాను. తమ్ముడు చెప్పిన నాలుగు మాటలు ఓబులేసుకు వినిపించేలా చదివాను.

"దీపాలు పోయాయి, ఆగాను అక్కా. మళ్లీ వచ్చాయి, ఈసారి చెవుల దాకా లేచాయి. మా సుంకన్న కూడా పుస్తకంలో ఉన్నట్టు పిలవడం నేర్చుకున్నాడని నవ్వుకున్నాను. నవ్వుకుంటూనే వెళ్లాను."

సుంకన్న చేతిలోని కర్రలు కిందికి జారాయి.

"చెవుల దాకా?" అన్నాడు. "నేనట్ల ఎందుకెత్తుతా?"

"నువ్వెత్తలేదు. ఎత్తినోడు వేరే ఉన్నాడు. నిన్ను పడగొట్టి, నీ లైట్లు తీసుకోని, దీపాలు రెండూ చెవుల పక్కకు తెచ్చి ముందుకూ వెనక్కూ ఊపినాడు. విమానాల వాళ్ల పుస్తకంలో రమ్మనే సైగ అదే. మా తమ్ముడు అది చదువుకున్నోడు కాబట్టి నమ్మినాడు. వాన్ని పిలిచినోడు కూడా చదువుకున్నోడే."

ఓబులేసు నవ్వాడు. "మత్తులో ఉన్న పేషెంటు చెప్పిన మాట. దీన్ని తీసుకోని నేను కోర్టుకు పోవాల్నా?"

"కోర్టుకు వద్దు. నాతో ఎయిర్‌స్ట్రిప్‌కు రండి. పన్నెండున్నర లోపల నేను చూపించలేకపోతే సుంకన్న మీద ఫిర్యాదు రాసి నేనే సంతకం పెడతా. రక్తసంబంధం ఉన్న అక్క సంతకం. మీకు అంతకంటే ఏం కావాల?"

గడియారం వైపు చూశాడు. తన చేతిలోని కేసు ఇంకా గట్టిపడుతుందని లెక్క వేసుకున్నట్టున్నాడు. సుంకన్నను కూడా బేడీలతో జీపెక్కించాడు.

పదకొండూ ఐదుకు ఎయిర్‌స్ట్రిప్ చేరాం. మంచు పూర్తిగా విడిపోయి ఎండ కాస్తోంది. విమానం తోక బావి పైన ఆకాశంలోకి లేచి ఉంది. దాని వంక ఎక్కువసేపు చూడలేకపోయాను.

మేనేజర్ చిరంజీవి ఎదురొచ్చాడు. నలభై ఐదేళ్లు, మడత నలగని తెల్లచొక్కా, మెత్తటి గొంతు. ఊరు మన వైపు కాదు.

"శాంసన్ మాకు ఇంటి మనిషి మేడం. ఖర్చంతా కంపెనీ చూసుకుంటుంది." అని, చేతి వాచీ చూసుకున్నాడు.

"చూసుకోవాలి. మీరిక్కడికి ఎన్నింటికి వచ్చారు?"

"సరిగ్గా ఆరున్నరకు. ఫోన్ రాగానే నంద్యాల నుంచి పరుగెత్తుకొచ్చాను. ఇక్కడున్న కూలీలంతా చూశారు."

"మంచులో విమానాన్ని పిలిచే పని మీరెప్పుడైనా చేశారా?"

"నేనా?" నవ్వాడు. "నేను ఆఫీసు మనిషిని మేడం. విమానం ముందు నిలబడితే నాకు కళ్లు తిరుగుతాయి. అదంతా ఈ కూలీల పని."

కూలీలన్న మాట దగ్గర సుంకన్న భార్య తిరుపాలమ్మ అతని వైపు చూసిన చూపు నేను గమనించాను. ఆమె షెడ్డు పక్క గుడిసె ముందు నిలబడి ఉంది. రోజూ ఐదింటికి లాంతర్లలో కిరసనాయిలు పోసి, వెలిగించి, బండల మీద పెట్టేది ఆమే. జీపులో బేడీలతో ఉన్న మొగుణ్ణి చూసి ఒక్క కన్నీటిబొట్టు కూడా రాల్చలేదు. పిడికిళ్లు మాత్రం బిగించింది. అక్కడే ఆమె నాకు నచ్చింది.

షెడ్డు దగ్గర మొదలుపెట్టి దారంతా నడిచాను. ముసలి విమానం కాబట్టి ఇంజన్ నుంచి ఆయిలు కారుతుంది. మట్టి మీద నాలుగైదు అడుగులకొక నల్లటి చుక్క. ఒకటో బండ, రెండు, మూడు, నాలుగు, ఐదు. అన్నీ చుక్కలే. ఆరో బండకు పది అడుగుల ఇవతల ఆగిపోయాను. అక్కడ చుక్క కాదు, అన్నం పళ్లెమంత మడుగు ఉంది. దానికి రెండు పక్కలా చక్రాల గుర్తులు మట్టిలోకి వేలెడు లోతు దిగాయి. ఆ తర్వాత మళ్లీ చుక్కలు, బావి దాకా.

"సార్, ఈడ విమానం ఆగింది."

"ఆగితే?" అన్నాడు ఓబులేసు.

"మీ లెక్క ప్రకారం సుంకన్న తాగి, కసితో, నేరుగా బావికి తీసుకుపోయినాడు. మధ్యలో ఆపేదెందుకు? మా తమ్ముడు చెప్పింది ఇదే. దీపాలు పోయినాయి, ఆగినాడు. సుంకన్న ఆగమంటాండాడని అనుకున్నాడు. అప్పటికి సుంకన్న ఈ బండ పక్కన బోర్లా పడిపోయినాడు. మీరు వాన్ని లేపింది యాడ?"

ఓబులేసు ఆరో బండ వైపు చూశాడు. బండ మొదట్లో గడ్డి మీద రక్తం ఇంకా ఉంది.

"ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు చెక్ చేసుకోవడానికి ఆపి ఉంటాడు," అన్నాడు చిరంజీవి వెనక నుంచి. "మంచులో ఇంజన్ చల్లగా ఉంటుంది కదా."

తిరిగి చూశాను. "ఆఫీసు మనిషికి మాగ్నెటోల సంగతి బాగానే తెలుసే!"

"వినగా వినగా తెలుస్తాయి మేడం." మళ్లీ వాచీ చూసుకున్నాడు.

తిరుపాలమ్మను పిలిచాను. "ఆ టైముకు నువ్వేం చేస్తాండావు?"

"బియ్యం కడుగుతాంటి అక్కా. మోత పోయి పోయి, ఉన్నట్టుండి తగ్గిపాయ. ఆరిపోలేదు, సన్నగా గుర్రుమంటా నిలబడె. నేను కడుగునీళ్లు పారబోసి, మళ్లా నీళ్లు పోసి కడిగి, అవి గూడా పారబోసినా. అప్పుడు మళ్లా మోత లేసె. ఆ ఎంబడే దబ్బుమని శబ్దం."

"ఇప్పుడు కడుగు."

"ఇప్పుడా?"

"అవును. బియ్యం తెచ్చుకో. పొద్దున ఎట్ల కడిగినావో అట్లనే."

ఓబులేసు విసుక్కున్నాడు. "మేడం, ఇది పోలీసు విచారణ, వంట పని కాదు."

"మీ విచారణలో టైము ఎవరూ రాయలేదు సార్. ఈమె చేతిలో ఉంది. ఉండండి."

తిరుపాలమ్మ కడిగింది, వంచింది, పోసింది, మళ్లీ కడిగింది, వంచింది. నా వాచీలో ఒక నిమిషం పది సెకన్లు. ఆరో బండ నుంచి బావి అంచు దాకా నడిచాను. డెబ్భై ఆరు అడుగులు. పడిపోయిన మనిషి చేతుల్లోంచి లైట్లు తీసుకుని, సీసాలోది వీపున పోసి, మంచులో ఈ దూరం నడిచి, తిరిగి నిలబడి దీపాలెత్తడానికి ఒక నిమిషం పది సెకన్లు సరిపోతాయి. బండల పక్కన రోజూ నడిచే సుంకన్నే అయితే ఇన్ని తంటాలు పడే పనే లేదు.

"లైట్లు యాడ దొరికినాయి సార్?"

ఓబులేసు ఈసారి వెంటనే చెప్పాడు. గొంతు మారింది. "బావి గట్టున, రాయి మీద. రెండూ పక్కపక్కన పెట్టి ఉండె."

"వెలుగుతాండాయా?"

"ఆర్పేసి ఉండె."

"తాగినోడు, కసితో ఉన్నోడు, విమానం బావిలో పడినంక రెండు లైట్లూ ఆర్పి, రాయి మీద సర్ది పెట్టి పారిపోయినాడు. అదీ బావి నుంచి డెబ్భై ఆరు అడుగులు వెనక్కి, షెడ్డు దిక్కు. ఎంత బుద్ధిమంతుడో!"

ఓబులేసు టోపీ తీసి తల తుడుచుకున్నాడు. మనిషి తిక్కవాడే కానీ తెలివితక్కువవాడు కాదు. అయితే ఒప్పుకోవడం అతనికి ఇంకా చేతకావడం లేదు. "సరే. ఎవడో ఉన్నాడు. ఎవడు?"

"కారు కొంచెం పక్కకు పెట్టి వచ్చి చెప్తా."

చిరంజీవి బావి గట్టు మీద, విమానం తోక కింద నిలబడి ఉన్నాడు. నా ఫియట్ ఐదో బండ పక్కన ఉంది. ఎక్కి స్టార్ట్ చేశాను. పక్కకు తిప్పలేదు. రెండో గేరులో నేరుగా బావి మీదికి వదిలాను.

చేసిన పని మంచిదని అనను. పొద్దుటి నుంచి కడుపులో అణచిపెట్టుకున్నదంతా ఆ యాక్సిలరేటర్ మీద పడింది. ఆరో బండ పోయింది, ఏడోది పోయింది.

ముగ్గురు మగవాళ్లు, మూడు రకాలుగా కదిలారు. సుంకన్న బేడీలతోనే జీపులోంచి దూకి, "హోల్డాన్! హోల్డాన్!" అని గొంతు చించుకున్నాడు. ఓబులేసు ట్రాఫిక్ పోలీసులా ఒక అరచెయ్యి ముందుకు చాచి పరుగెత్తాడు. కారు తన మీదికే వస్తుంటే చిరంజీవి మాత్రం కాళ్లు దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడి, రెండు చేతులూ తల పైకెత్తి, మణికట్ల దగ్గర ఒకదానిపై ఒకటి అడ్డంగా పెట్టాడు.

బ్రేకు తొక్కాను. కారు గట్టుకు మూడు గజాల ఇవతల ఆగింది. అతని చేతులు ఇంకా తల మీదే ఉన్నాయి.

దిగి, తలుపు వేసి, మెల్లగా నడిచి వెళ్లాను.

"దించండి చిరంజీవి గారూ. కారు ఆగింది. ఏ ఎయిర్‌ఫోర్సు స్టేషన్లో నేర్చుకున్నారు? మా తమ్ముడి పుస్తకంలో విమానాన్ని ఆపే సైగ అచ్చం ఇలాగే ఉంటుంది. బొమ్మలో కాళ్లు కూడా దగ్గరగానే ఉంటాయి."

చేతులు కిందికి వచ్చాయి. "సినిమాల్లో చూశాను."

"ప్రాణం మీదికొచ్చినప్పుడు సినిమాలు గుర్తు రావు. ఏళ్ల తరబడి చేసిన పని వస్తుంది. సుంకన్నకు హోల్డాన్ వచ్చింది, మీకు ఇది వచ్చింది. మందు సంగతి కలెక్టరు దాకా పోకూడదని మీరు అన్నీ ఆలోచించుకున్నారు. బర్రెల కసి అన్నారు, బ్రాందీ తెచ్చారు. ఒక్కటి మాత్రం మీకు తెలియదు. మూడేళ్లుగా మీ దగ్గర పనిచేస్తున్న ఈ మనిషి విమానాన్ని ఎలా పిలుస్తాడో ఒక్క పొద్దు కూడా వచ్చి చూడలేదు. కూలివాడి పని చూసేదేముంది అనుకున్నారు. అందుకే తప్పు లేకుండా, పుస్తకంలో ఉన్నట్టు పిలిచారు. అదే మిమ్మల్ని పట్టించింది."

"చేతులెత్తడం నేరం కాదు మేడం. సి.ఐ. గారూ, మీరు చెప్పండి."

ఓబులేసు నా వంక చూశాడు. అంతేనా అన్నట్టుంది ఆ చూపు. అంతే కాదు. బ్యాగులోంచి శిరివెళ్ల బూత్ చీటీ తీసి అతని చేతిలో పెట్టాను.

"బాలు నాకు ఫోన్ చేసే ముందు మేనేజరు ఇంటికి చేసినాడు సార్. మిషను ముద్రించిన టైము చూడండి. ఆరూ ఇరవై రెండు. వాళ్లావిడ ఎత్తి, ఆయన స్నానం చేస్తాండాడు అని చెప్పింది. ఆరున్నరకు ఈయన ఈడ నిలబడినాడు. ఆయన నోటితోనే చెప్పినాడు, మీరూ విన్నారు. నంద్యాల నుంచి ఈడికి మంచులో ముప్పావుగంట. ఎనిమిది నిమిషాల్లో ఒళ్లు తుడుచుకోని, బట్టలు కట్టుకోని వచ్చినాడా?"

ఓబులేసు చీటీని రెండుసార్లు చదివాడు. తర్వాత జీపు దగ్గరికి పోయి, సుంకన్న చేతులకున్న బేడీలు తాళం తీసి విప్పాడు. క్షమించమని అనలేదు. కానీ ఆ బేడీలు తెచ్చి చిరంజీవి ముందు పెట్టి, "చెయ్యి చాపు," అన్నాడు.

చిరంజీవి చెయ్యి చాపాడు. చాపుతూ, ఆ చేతికున్న వాచీని ఇంకోసారి చూసుకున్నాడు. పొద్దుటి నుంచి ఎన్నోసారో లెక్కపెట్టలేదు. భోజనం వేళకు తొందరపడుతున్నాడనుకున్నాను. నా కంటే తెలివితక్కువది ఆ క్షణంలో జిల్లాలో ఇంకొకతె లేదు.

"పన్నెండూ ఇరవై ఐదు," అన్నాడు చిరంజీవి అదే మెత్తటి గొంతుతో. "బాగా చెప్పారు మేడం. అయితే దీపాలు చెవుల దాకా లేచాయని కోర్టులో చెప్పాల్సింది మీ తమ్ముడు కదా?"

జీపులో వైర్‌లెస్ గరగరలాడింది. కానిస్టేబుల్ విని, మా వైపు పరుగెత్తుకొచ్చాడు.

"సార్, నంద్యాల ఆసుపత్రి నుంచి విజయమ్మ అనే సిస్టరు టూటౌన్ పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసిందంట. ఆపరేషన్ అయిన పేషెంటు శాంసన్‌ను హైదరాబాద్ పెద్దాసుపత్రికని చెప్పి కంపెనీ వ్యాన్లో పన్నెండూ పదికి ఎక్కించుకోని పోయినారంట. వాళ్లక్క సంతకం పెట్టిన కాగితం చూపించినారంట. కానీ వ్యాను కర్నూలు రోడ్డు పట్టలేదంట సార్. గిద్దలూరు ఘాటు దిక్కు మళ్లిందంట. ఆ అక్క నిజంగానే సంతకం పెట్టిందా అని అడుగుతాండాది."

నేనే కాగితం మీదా సంతకం పెట్టలేదు.

చిరంజీవి నా మొహంలోకి చూస్తున్నాడు. ఏడుస్తానని ఎదురుచూస్తున్నాడు. ఆ సంతోషం అతనికి ఇవ్వదలచుకోలేదు.

"నా తమ్ముడు రెండు కాళ్లూ విరిగీ నాకు సాక్ష్యం చెప్పినాడు," అన్నాను. "కోర్టులోనూ చెప్తాడు. నువ్వు ముందు వరసలో కూర్చుని వింటావు."

"ఘాటు ఎక్కితే పదహారు మలుపులు," అన్నాడు ఓబులేసు పళ్లు బిగించి. "యాడైనా తోసేస్తారు. నంద్యాల తిరుక్కోని పోతే మనం అందుకోలేము."

"నంద్యాల ఎందుకు సారూ?" సుంకన్న ముందుకొచ్చాడు. మణికట్ల మీద బేడీల గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. "అడివి అంచున బండ్లబాట ఉండాది. గాజులపల్లె కాడ రోడ్డు మీదికి తేలుతాది. ఘాటు ఎక్కకముందే అడ్డం పడచ్చు. ఆ బాటన నేను కండ్లు మూసుకోని పోతా."

ఓబులేసు అతన్ని చూశాడు. మూడు గంటల కిందట మేజిస్ట్రేటు ముందు నిలబెడతానన్న మనిషి అతను. ఆ సంగతి ముగ్గురికీ గుర్తుంది.

"నా మొగున్ని తీసుకురా అక్కా, క్షేమంగా," అని తిరుపాలమ్మ నాతో అంది. "కెప్టెను సారును గూడా."

చిరంజీవిని ఇద్దరు కానిస్టేబుళ్లకు అప్పజెప్పి, ఓబులేసు తానే స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను పక్క సీట్లోకి ఎక్కాను. సుంకన్న వెనక ఫుట్‌బోర్డు మీద నిలబడి, బేతంచెర్లలో ఆరేళ్లు చేసిన పనే చేశాడు. జీపు రేకు మీద అరచేత్తో దబదబా రెండుసార్లు కొట్టాడు.

"రైట్ రైట్!"

ఆళ్లగడ్డ సి.ఐ. ఓబులేసు, సర్వీసులో మొదటిసారి, ముద్దాయి చెప్పినట్టు గేరు వేశాడు.